మొక్కుల తాళాలు, కంచు కవులు

ఇరాన్ సందుల్లోని నీటి గూళ్ళు, ముహర్రం జెండాలు, దర్గా జాలీలు ఆధునిక శిల్పంలోకి నడిచొచ్చిన కథ

తెహ్రాన్ పాతబస్తీ సందుల్లో, బజారు మలుపుల్లో గోడలోకి తొలిచిన చిన్న గూళ్ళు కనిపిస్తాయి. ముందు ఇనుప కమ్మీల జాలీ. లోపల నీళ్ళ తొట్టి, లేదా ఓ కుళాయి. గొలుసుతో కట్టిన ఇత్తడి గిన్నె. వెనక గోడకు మసిబారిన పటం. ఎవరో వెలిగించిన కొవ్వొత్తుల మైనం కారి, గట్టు మీద పొరలు పొరలుగా పేరుకుని ఉంటుంది. జాలీ కమ్మీలకు గుడ్డపీలికలు, తాళంకప్పలు వేలాడుతుంటాయి. దీన్ని సక్కాఖానే అంటారు. దాహమేసిన వాళ్ళు ఆగి నీళ్ళు తాగుతారు, గుండె బరువున్న వాళ్ళు ఆగి మొక్కుకుంటారు. మన ఎండాకాలపు చలివేంద్రానికి ఏడాది పొడవునా మొక్కులు కడితే ఎలా ఉంటుందో అలా ఉంటుందది.

ఈ గూళ్ళ వెనక ఉన్నది కర్బలా. క్రీ.శ. 680లో, ముహర్రం నెల పదో రోజున, ప్రవక్త మనవడు హుసేన్ తన వాళ్ళతో సహా అక్కడ నేలకొరిగాడు. ఫురాత్ (యూఫ్రటీస్) నది దగ్గరలోనే పారుతున్నా ఆయన శిబిరానికి చుక్క నీరు అందకుండా అప్పటి ఖలీఫా యజీద్ సైన్యం కట్టడి చేసింది. పిల్లల దాహం చూడలేక తోలుతిత్తి భుజాన వేసుకుని నదికి వెళ్ళిన సోదరుడు అబ్బాస్ రెండు చేతులూ పోగొట్టుకుని ప్రాణం విడిచాడు. షియాలకు ఆయన సక్కా, అంటే నీళ్ళు మోసేవాడు. దారినపోయే వాళ్ళకు నీళ్ళు పోయడం ఆయనను తలచుకోవడమే. సక్కాఖానేల్లో లోహపు అరచేయి అంత తరచుగా కనిపించేదీ ఆయన తెగిన చేతుల జ్ఞాపకంగానే.

ఇక తాళంకప్ప సంగతి. బిడ్డ కోసం, జబ్బు నయం కావడం కోసం, దూరదేశం వెళ్ళిన కొడుకు కోసం మొక్కుకునే వాళ్ళు ఒక తాళాన్ని జాలీకి వేసి వెళతారు. ఆ తాళం ఏదో ఒకనాటికి ఊడి తెరుచుకుంటే కోరిక నెరవేరినట్టే. అంతవరకూ అది అక్కడే ఉంటుంది, వానకు తుప్పు పడుతూ, పక్కన వేలాడే ఇంకో తాళానికి ఆనుకుని. ఒక్కో జాలీ మీద ఎందరి కష్టాలు బిగిసి ఉంటాయో లెక్కించడం ఎవరి తరమూ కాదు.

ఈ జాలీని, ఈ తాళాన్ని, ఈ అరచేతిని వందల ఏళ్ళపాటు ఎవరూ కళ అనలేదు. చేసినవాడి పేరు ఎక్కడా రాయలేదు. 1960ల మొదట్లో తెహ్రాన్‌లోని కొందరు పాతికేళ్ళ కుర్రాళ్ళు వీటి ముందు నిలబడి, తాము వెతుకుతున్న శిల్పం ఇదేనని గుర్తుపట్టారు. ఇరాన్ ఆధునిక శిల్పం నిలదొక్కుకున్నది ఆ గుర్తింపు మీదే అని నా నమ్మకం. యూరప్ నుంచి తెచ్చుకున్న చదువు వాళ్ళకు పనిముట్లు ఇచ్చింది. ఆ పనిముట్లతో ఏం చెప్పాలో మాత్రం వీధి గూడు దగ్గరే నేర్చుకున్నారు.

పూర్వీకుల కోసం వెతుకులాట

ఆ కుర్రాళ్ళలో శిల్పి పర్వీజ్ తనావోలీ. 1937లో తెహ్రాన్‌లో పుట్టాడు. అక్కడి లలితకళల పాఠశాలలో శిల్పం నేర్చుకుని, 1956లో ఇటలీ వెళ్ళాడు. ముందు పాలరాతి గనుల ఊరు కరారా, తర్వాత మిలాన్‌లోని బ్రెరా అకాడమీ. అక్కడ గురువు మారినో మారినీ, గుర్రం మీద రౌతు శిల్పాలతో ప్రపంచానికి తెలిసిన మనిషి. 1959లో పట్టా పుచ్చుకుని ఇంటికి తిరిగొచ్చాక తనావోలీకి అసలు చిక్కు ఎదురైంది.

ఇటలీలో శిల్పికి అడుగడుగునా పెద్దలు ఉంటారు. ఏ చౌరస్తాలో నిలబడినా ఏదో ఒక విగ్రహం పలకరిస్తుంది. ఇరాన్‌లో అలా కాదు. పర్సెపొలిస్ మెట్ల మీద చెక్కిన కప్పం మోసేవాళ్ళ వరుసలున్నాయి, బీసుతూన్ కొండ మీద డారియస్ చెక్కించిన విజయగాథ ఉంది. ఇస్లాం వచ్చాక విడిగా నిలబడే మనిషి బొమ్మలు చెక్కే పని చాలావరకు ఆగిపోయింది. మధ్యలో పదమూడు శతాబ్దాలు. ఆ కాలమంతా ప్రతిభ లేకపోలేదు. అది రాగి పళ్ళేల్లోకి, పలకల మీది నీలిరంగుల్లోకి, తివాచీల్లోకి, అక్షరాల వంపుల్లోకి ప్రవహించింది. శిల్పం అన్న పేరుతో మాత్రం చూపించడానికి ఏమీ లేదు.

తనావోలీ ముందు సాహిత్యంలో వెతికాడు. అక్కడొక శిల్పి దొరికాడు, ఫర్హాద్. నిజామీ కావ్యం చదివిన వాళ్ళకు ఈ ప్రేమికుడు తెలుసు. షీరీన్ కోసం కొండను తొలచడానికి సిద్ధపడ్డాడు, ఆమె చనిపోయిందన్న అబద్ధపు కబురు విని ప్రాణం తీసుకున్నాడు. తనావోలీ అతన్నే తన వృత్తికి కులపెద్దగా ఎంచుకున్నాడు. ఫర్హాద్ పేరుతో శిల్పం తర్వాత శిల్పం చేశాడు. ప్రేమికులు, కవులు, ప్రవక్తలు ఆయన కంచు బొమ్మల్లో పదేపదే రావడానికి మొదలు అక్కడే.

కావ్యంలో పెద్దాయన దొరికాడు కానీ ఆయన చేతిపని చూద్దామంటే కొండ తప్ప ఏమీ మిగల్లేదు. చేతిపని కోసం తనావోలీ దక్షిణ తెహ్రాన్‌కు నడిచాడు. రాగిపని వాళ్ళ సుత్తుల మోత, కమ్మరి కొలుములు, కుండల బట్టీలు, పాత ఇనుము అంగళ్ళు. 1960లో కబూద్ అనే పేరుతో ఒక స్టూడియో తెరిచాడు. అక్కడ పనిచేస్తూనే బజారులో దొరికిన కుళాయిలు, తాళాలు, కమ్మీలు, చిల్లుల పళ్ళేలు తెచ్చి పోగేశాడు. పూర్వీకులు దొరికారు. వాళ్ళకు పేర్లు లేవు, అంతే.

అదే కాలంలో ఆయన, చిత్రకారుడు హుసేన్ జెందెరూదీ కలిసి తెహ్రాన్‌కు దక్షిణాన రే పట్టణంలోని షా అబ్దుల్ అజీమ్ దర్గాకు వెళ్ళారు. యాత్రికులకు అమ్మే అచ్చు పటాలు అక్కడి అంగళ్ళలో కనిపించాయి. ప్రార్థనలు, గళ్ళు, అంకెలు, తాయెత్తు గుర్తులు, చవక రంగులు. వాటిని కొనుక్కుని వచ్చారు. ఆ గళ్ళు, ఆ అంకెలు జెందెరూదీ చిత్రాల్లోకి వచ్చేశాయి. 1962 నాటి మూడో తెహ్రాన్ బియెనాలేలో ఆ చిత్రాలను చూసిన విమర్శకుడు కరీం ఇమామీకి సక్కాఖానే గుర్తొచ్చింది. ఆయన రాసిన ఆ మాటే ఉద్యమానికి పేరైంది. ఫరామర్జ్ పీలారామ్, మసూద్ అరబ్‌షాహీ, మన్సూర్ ఖందరీజ్, పాత ఇనుప ముక్కలతో బొమ్మలు అతికిన జాజే తబాతబాయీ, ఇలా ఒకరి దారి ఒకరిది కాకపోయినా అందరినీ కలిపి సక్కాఖానే కళాకారులనడం మొదలైంది. వాళ్ళేమీ ప్రణాళిక రాసుకుని సంఘం పెట్టుకోలేదు.

ఊరేగే శిల్పాలు

ఇరాన్ ఆచార వస్తువులను ఒక్కసారి దగ్గరగా చూస్తే ఆ కుర్రాళ్ళు ఎందుకు ఆగిపోయారో తెలుస్తుంది.

ముహర్రం ఊరేగింపుల్లో ముందు నడిచే అలామత్‌ను తీసుకోండి. ఒక అడ్డదూలం, దాని మీద వరసగా నిలబెట్టిన పల్చటి ఉక్కు రేకులు. మధ్య రేకు అన్నిటికన్నా ఎత్తు. వాటి మీద కోసిన అక్షరాలు, రేకుల మధ్య ఇత్తడి పక్షులు, చివర్లలో నోరు తెరిచిన ఘటసర్పాల్లాంటి తలలు, పైన ఈకల కుచ్చులు. ఇంత బరువునూ ఒక్క మనిషి నడుముకు కట్టిన తోలుపట్టీలో ఆనించి మోస్తాడు. అతను అడుగు వేసినప్పుడల్లా ఆ ఉక్కు రేకులు వణుకుతాయి. ఎదురుగా ఇంకో బృందపు అలామత్ వస్తే రెండూ వంగి పలకరించుకుంటాయి. కదలిక, బరువు, మెరుపు, శబ్దం అన్నీ కలిసిన శిల్పం ఇది. ప్రదర్శనశాలలో గోడవారన పెడితే సగం చచ్చిపోతుంది.

యజ్ద్ వైపు వెళితే నఖ్ల్ ఉంటుంది. ఆకు ఆకారంలో, ఇంటికన్నా ఎత్తున, కొయ్య కమ్మీలతో అల్లిన కట్టడం. అది హుసేన్ పాడెకు ప్రతీక. ముహర్రం పదో రోజైన ఆషూరా నాడు దానికి నల్లగుడ్డలు, అద్దాలు, కత్తులు అలంకరించి వందలమంది భుజాలకెత్తుకుంటారు. మిగతా రోజుల్లో అది ఏ అలంకారమూ లేకుండా, ఒట్టి కొయ్య అస్థిపంజరంలా చౌకులో నిలబడి ఉంటుంది. యజ్ద్‌లోని అమీర్ చఖ్మాఖ్ ముంగిట ఉన్న నఖ్ల్‌ను ఫొటోల్లో చూసినా చాలు, ఇరవయ్యో శతాబ్దపు శిల్పులు ఎంతో కష్టపడి చేరుకున్న చోటికి పేరు తెలియని వడ్రంగులు ముందే చేరారని ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఇక ఇంట్లో వాడే చిన్న వస్తువులు. నలభై తాళంచెవుల గిన్నె అని ఒకటుంది. ఇత్తడి గిన్నె లోపలా బయటా ప్రార్థనలు చెక్కి ఉంటాయి, అంచుకు నలభై చిన్న లోహపు రేకులు గుత్తిగా వేలాడుతాయి. బాలింతకు నలభయ్యో రోజు స్నానంలో, ఏదైనా గండం పట్టుకుందనుకున్న వాళ్ళకు ఈ గిన్నెతో నీళ్ళు పోస్తారు. నీళ్ళు పోసేటప్పుడు ఆ రేకులు గలగలమంటాయి. అక్షరం నీళ్ళను తాకి, ఆ నీళ్ళు ఒంటిని తాకాలన్నది నమ్మకం. నమ్మినా నమ్మకపోయినా, భయంతో ఉన్న మనిషి చేతికి ఇంత అందమైన పరికరాన్ని అందించాలని అనుకున్న పనివాడి మనసుకు మాత్రం దండం పెట్టాలి.

తాళం

తనావోలీని జీవితమంతా వదలనిది తాళం. ఆయన పోగేసిన తాళాల సంపద చిన్నది కాదు. ఇరాన్ తాళాల మీద 1976లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ ద్వారా ఆయన పుస్తకమే వచ్చింది. శిల్పిగా చూసినదాన్ని పరిశోధకుడిగా రాశాడు.

ఆ తాళాలు చూస్తే ముచ్చటేస్తుంది. సింహం, మేక, చేప, పక్షి, గుర్రం రూపాల్లో ఉంటాయి. జంతువు పొట్టే తాళపు గది. వంగిన తోక చివరో, కొక్కెం చివరో వెళ్ళి శరీరంలో దూరుతుంది. కొన్నిటిలో లోపల స్ప్రింగు రేకులు విప్పారి కొక్కేన్ని పట్టి ఉంచుతాయి. తాళంచెవిని లోపలికి తోస్తే ఆ రేకులు ముడుచుకుని కొక్కెం బయటికి జారుతుంది. కొన్నిటికి మరచుట్టు తాళంచెవి. తిప్పుతూ తిప్పుతూ లోపలికి పంపి, గడియను వెనక్కి లాగాలి. చహార్‌మహల్ బఖ్తియారీ ప్రాంతంలో షహ్రెకుర్ద్ దగ్గరి చాల్‌షోతర్ ఊరు ఉక్కు తాళాలకు పెట్టింది పేరు. ఇంటి తలుపు తాళం, పెట్టె తాళం, ఒంటె సామాను తాళం ఒక ఎత్తు. గోరంత తాళాలు ఇంకో ఎత్తు. వాటిని పిల్లల బట్టలకు, మెడలోని దారానికి తాయెత్తులా కట్టేవాళ్ళు, చెడును బయటే ఉంచి బిగించడానికి.

ఇప్పుడు తనావోలీ కవుల బొమ్మల ముందుకు వెళదాం. కొన్నిటికి ముఖం ఉండాల్సిన చోట జాలీ. ఛాతీలో తాళంకన్నం. నడుము దగ్గర కుళాయి. కండరాలు, ముక్కు, పెదవులు ఏవీ ఉండవు. మనిషి ఒళ్ళు కాదది, ఒక గూడు. సక్కాఖానే లేచి రెండు కాళ్ళ మీద నిలబడినట్టు ఉంటాయా బొమ్మలు. లండన్ టేట్ సేకరణలో ఉన్న ‘కవి, రాజుగారి ప్రేయసి’ 1964-66 మధ్య చేసింది. కొయ్య, తగరం పూసిన రేకు, రాగి, ఉక్కు, పర్‌స్పెక్స్, రంగులు, వీటికి తోడు ఒక ట్యూబ్‌లైటు. పర్షియన్ కావ్యాల్లోని పాత ప్రేమకథ దక్షిణ తెహ్రాన్ రేకుల పనివాడి చేతికి వచ్చి, దీపం కూడా వెలిగించుకుంది. దర్గాలో కొవ్వొత్తి చేసే పనిని ఇక్కడ విద్యుత్ దీపం చేస్తోంది.

ఆ కంచు ఛాతీలోని తాళానికి తాళంచెవి ఉండదు. మొక్కు తాళానికీ ఉండదు. తాళం శిల్పంలో చేరి పనికిరాని వస్తువుగా మారాక కూడా, అడిగిన కోరిక అందులో అలాగే మిగిలి ఉంటుంది. దర్గాలో తాళం వేసిన తల్లి ముందూ, ప్రదర్శనశాలలో శిల్పం చూస్తున్న మనిషి ముందూ ఉన్నది ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియని ఒకే నిరీక్షణ. ఆచార వస్తువును తెచ్చి ఆధునిక శిల్పానికి అతికించిన వాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. అందులోని నిరీక్షణను కూడా తీసుకురాగలిగిన వాళ్ళు తక్కువ. తనావోలీ గొప్పదనం నా దృష్టిలో ఇదే.

మూడు అక్షరాల బొమ్మ

1961లో తనావోలీ అమెరికా వెళ్ళాడు. మినెసోటాకు చెందిన ఆబీ గ్రే అనే కళాభిమాని 1960లోనే తెహ్రాన్‌లో ఆయన పని చూసింది. మినియాపొలిస్‌లో పాఠాలు చెప్పే అవకాశం వచ్చింది ఆమె చలవతోనే. 1964లో తిరిగొచ్చి తెహ్రాన్ విశ్వవిద్యాలయంలో శిల్పవిభాగం చూసుకున్నాడు. అక్కడ కంచు పోతపని కొలిమి ఏర్పాటుకూ గ్రే చేయూతనిచ్చింది. ఆమె పోగేసిన ఇరాన్ ఆధునిక కళ ఇవాళ న్యూయార్క్ విశ్వవిద్యాలయపు గ్రే మ్యూజియంలో ఉంది. ఇరాన్ బయట ఇంత పెద్ద సేకరణలు అరుదు.

తిరిగొచ్చాక తెహ్రాన్ కళాలోకం ఆయనకు ఊపిరాడనివ్వలేదు. అందరి కాన్వాసుల మీదా అందమైన అక్షరాలు, అర్థం అక్కర్లేని అలంకారం. 1965లో బోర్గీస్ గ్యాలరీలో ఒక ప్రదర్శన పెట్టాడు. ప్లాస్టిక్, నియాన్ దీపాలు, బజారు సామాన్లు. 1964లో చేసిన ‘కళలో కొత్తదనం’లో అయితే పర్షియన్ తివాచీ నడుమ పొడుగాటి కొమ్మున్న ఆఫ్తాబేను అమర్చాడు. ఆఫ్తాబే అంటే ఇరాన్‌లో పాయిఖానాకు పట్టుకెళ్ళే నీళ్ళ పాత్ర. గోడకు వేలాడదీసి గర్వపడే తివాచీలో దాన్ని పెట్టడం చాలామందికి మింగుడుపడలేదు. ప్రదర్శన అనుకున్న గడువుకన్నా ముందే మూతపడింది.

ఆ 1965లోనే పుట్టింది హీచ్. ఫారసీలో మూడక్షరాలు, అర్థం ‘ఏమీ లేదు’. నస్తాలీఖ్ రాతలో మొదటి అక్షరం హే రెండు సుడులతో గుండ్రటి తలలా ఉంటుంది. ఆ సుడులే కళ్ళు. మిగతా గీత మెడగా, నడుముగా జారి, కింద చే అక్షరపు వంపులో కూర్చుంటుంది. తనావోలీ ఆ మాటను కాగితం మీంచి లేపి నిలబెట్టాడు. తర్వాత కంచులో, ఫైబర్‌గ్లాస్‌లో, మెరిసే ఉక్కులో వందలసార్లు చేశాడు. ఒకచోట హీచ్ కుర్చీ మీద ఒరిగింది, ఒకచోట బల్ల కింద నుంచి తొంగిచూసింది, ఒకచోట ఇంకో హీచ్‌ను కౌగిలించుకుంది. అక్షరాల మోజు మీద నిరసనగా మొదలైన బొమ్మ చివరికి ఆయనకు తోడుగా మారింది. సూఫీ కవుల దారిలో నడిచిన వాళ్ళకు శూన్యం నిరాశ కాదు, సృష్టికి ముందున్న చోటు. ఈ హీచ్‌లలో ఆ ఆప్యాయత కనిపిస్తుంది.

బ్రిటిష్ మ్యూజియంలో ‘పంజరంలో హీచ్’ ఉంది. 2005లో చేసిన చిన్న కంచు శిల్పం. గ్వాంటనామో చెరసాలలో మగ్గుతున్న వాళ్ళను తలచుకుని చేశాడు. దాని ముందు ఒక్క క్షణం ఆగితే కమ్మీలు ఎక్కడివో తెలుస్తుంది. సక్కాఖానే జాలీ. మొక్కులు కట్టే కమ్మీలే ఇక్కడ మనిషిని బంధించే కమ్మీలయ్యాయి. నలభై ఏళ్ళ కింద వీధి గూట్లో నేర్చుకున్న ఆకారం ఆయనకు ఇంతటి రాజకీయ మాట చెప్పడానికి అక్కరకొచ్చింది.

పగిలిన అద్దాలు

తనావోలీ దారికి సమాంతరంగా నడిచిన ఇంకొకరిని తలచుకోకుండా ఈ కథ పూర్తికాదు. ఖజ్వీన్‌లో పుట్టి, న్యూయార్క్‌లో చదువుకుని, తిరిగొచ్చిన మోనీర్ షారూదీ ఫర్మాన్‌ఫర్మాయన్. షీరాజ్‌లోని షా చెరాగ్ దర్గాలోకి అడుగుపెట్టినప్పుడు ఆమె కదిలిపోయింది. లోపల గోడలు, కప్పు, మూలలు అన్నీ అద్దం ముక్కలు. ఏడ్చే జనం, ప్రార్థించే జనం, పరుగెత్తే పిల్లలు ఆ ముక్కల్లో వేల తునకలై కదులుతున్నారు. ఆ పనిని ఆయినేకారీ అంటారు. యూరప్ నుంచి తెప్పించిన పెద్ద అద్దాలు దారిలో పగిలిపోతే ఆ ముక్కలను వాడుకోవడంతో ఇది మొదలైందని చెబుతారు.

మోనీర్ దర్గా కప్పును నకలు తీయలేదు. అద్దాల పనిలో తరతరాల అనుభవమున్న ఉస్తాద్‌లతో కూర్చుని, ఆరు కోణాలు, ఎనిమిది కోణాల లెక్కలతో అద్దపు శిల్పాలు చేసింది. అద్దాల బంతులు చేసింది. వాటిలో ఒకటి ఆండీ వార్హోల్ దగ్గరికీ చేరింది. 1979 విప్లవ సమయంలో దేశం బయట ఉండిపోయి, పాతికేళ్ళు న్యూయార్క్‌లో గడిపింది. 2004లో తెహ్రాన్ వచ్చేసి, మళ్ళీ పనివాళ్ళను కూడగట్టుకుంది. 2015లో గుగెన్‌హైమ్ మ్యూజియం ఆమె పనిని ప్రదర్శించింది. 2017లో తెహ్రాన్‌లో ఆమె పేరిట మ్యూజియం తెరిచారు. 2019లో కన్నుమూసింది. ఆమె శిల్పం ముందు నిలబడితే మన ముఖం మనకు పూర్తిగా కనబడదు. దర్గాలో భక్తుడికీ కనబడదు. నేను అనే దాన్ని ముక్కలు చేసి వెలుగులో కలిపేయడం అక్కడి ఆధ్యాత్మికతకు ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు.

విప్లవం తర్వాత

1979లో సక్కాఖానే గుర్తులన్నీ వీధిలోకి వచ్చాయి. అరచేయి, ఎర్రరంగు, కర్బలా, తులిప్ పువ్వు ఇప్పుడు పోస్టర్ల మీద, అమరుల సమాధుల మీద, చివరికి జెండా మీద. తనావోలీ విశ్వవిద్యాలయం వదిలి, 1989లో కెనడాలోని వాంకూవర్‌కు మకాం మార్చాడు. ఈ ఉద్యమం మీద ఉన్న విమర్శ అప్పుడే గట్టిపడింది. షా కాలపు ప్రభుత్వ ఆదరణలో, ధనికుల ఇళ్ళలో ఈ కళ పెరిగిందని, పేదల భక్తిని అలంకారంగా వాడుకుందని. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆ రోజుల్లో అక్షరాల వంపులు, తాయెత్తు గళ్ళు గీసిన చాలా కాన్వాసుల్లో అంతకుమించి ఏమీ లేదు. తనావోలీ, జెందెరూదీ చేసిన మంచి పనులను మాత్రం ఆ గాటన కట్టలేం. వాళ్ళు భక్తుడిని వింత జంతువుగా చూడలేదు, తమ ఇంటి మనిషిగా చూశారు.

తర్వాతి తరానికి ఈ గుర్తులు ఇంకోలా చేరాయి. మహమూద్ బఖ్షీ 2008లో రేకుతో, నియాన్ దీపాలతో, మోటారు సాయంతో తిరిగే తులిప్ పూలను చేశాడు. అమరుల నెత్తురు లోంచి తులిప్‌లు మొలుస్తాయన్న విప్లవ నినాదాన్ని అవి యంత్రాల్లా తిప్పుతాయి. షాపూర్ పూయాన్ పాత ఇరాన్ కవచాల పనితనంతో, ఉక్కుతో, ఇనుప గొలుసుల అల్లికతో క్షిపణుల ఆకారాలు చేసి గాల్లో వేలాడదీశాడు. ముహర్రం అలామత్ రేకులను చూసిన కళ్ళకు ఆ ఉక్కు మెరుపు పరిచితంగానే ఉంటుంది. తాతల తరం ఆచార వస్తువులో ప్రార్థనను విన్నది. మనవల తరం అందులో అధికారపు గొంతును కూడా విన్నది. రెండూ వినడమే నిజాయితీ.

ఇంతలో ధరలు ఆకాశాన్నంటాయి. 2008 ఏప్రిల్‌లో క్రిస్టీస్ దుబాయ్ వేలంలో తనావోలీ 1975 నాటి కంచు శిల్పం ‘గోడ, ఓ పర్సెపొలిస్’ 28 లక్షల డాలర్లకు పైగా పలికింది. అప్పటికి మధ్యప్రాచ్యపు కళాకారుడి కృతికి వేలంలో అదే అత్యధికం. చదవడానికి వీలుకాని అక్షరాల్లాంటి గుర్తులతో నిండిన నిలువెత్తు గోడ అది. ఆ డబ్బు శిల్పిని కాపాడలేదు. 2016 జులైలో లండన్‌లో ప్రసంగించడానికి బయల్దేరిన ఆయన్ను తెహ్రాన్ విమానాశ్రయంలో ఆపి పాస్‌పోర్టు తీసేసుకున్నారు. కొద్ది రోజుల తర్వాత తిరిగిచ్చారు. మరుసటి ఏడాది తెహ్రాన్ సమకాలీన కళా మ్యూజియంలోనే ఆయన సింహాల ప్రదర్శన జరిగింది. ఇరాన్‌లో కళాకారుడి బతుకు ఎలా ఉంటుందో ఈ రెండేళ్ళు చెబుతాయి.

గోల్కొండ దాకా వచ్చిన అరచేయి

ఈ కథ మనకు పరాయిది కాదు. గోల్కొండను పాలించిన కుతుబ్ షాహీలు ఇరాన్ మూలాలున్న షియాలు. వంశస్థాపకుడు కులీ హమదాన్ ప్రాంతం నుంచి వచ్చాడు. హైదరాబాద్ నిర్మాణంలో ముఖ్యుడైన మీర్ మోమిన్ ఆస్త్రాబాద్ మనిషి. 1590లలో సుల్తాన్ మహమ్మద్ కులీ కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో లోహపు అలమ్‌లు, అంటే ముహర్రం జెండాలు నిలిపారు. పక్క గోడల మీది రంగుపలకల్లోనూ అలమ్ ఆకారాలే కనిపిస్తాయి. ముహర్రంలో పాతబస్తీలో నీళ్ళు, షర్బత్ పోసే సబీళ్ళు సక్కాఖానేకు చుట్టాలు.

పట్నం దాటి పల్లెకు వస్తే ఆ అలమ్‌లే పీర్లయ్యాయి. పీర్ల చావిడి, గుండం, దట్టీలు, పీర్లు ఎత్తుకునే వాళ్ళు, ఎదురెళ్ళి నీళ్ళు పోసే ఆడవాళ్ళు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పండుగకు అన్ని కులాల, రెండు మతాల జనం పోటెత్తుతారు. ఇత్తడి, వెండి, పంచలోహ రేకుల మీద కోసిన అరచేతులు, ఆకు ఆకారాలు, అక్షరాలు, కళ్ళు చాలా చోట్ల మన కంసాలి చేతుల్లో రూపు దిద్దుకున్నవే. ఇరాన్ ఉక్కు రేకు ఇక్కడికొచ్చి పసుపు, పూలు, దట్టీ కట్టుకుని మన వీధిలో నడుస్తోంది.

మన ఊరి పీరును మనం భక్తితో చూశాం, పండుగగా చూశాం. ఒక పనివాడు కాచి, సాగదీసి, కోసి, మెరుగుపెట్టిన శిల్పంగా చూసిన వాళ్ళం తక్కువ. పాతవి వంగిపోతే కరిగించి కొత్తవి చేయిస్తాం. కరిగిపోయినదాని ఆకారం ఎక్కడా నమోదు కాదు, చేసినవాడి పేరూ మిగలదు. ఇరాన్‌లో ఒక శిల్పి తాళాలను పోగేసి, కొలిచి, పుస్తకం రాసి, ఆ తర్వాత వాటి నుంచి తన శిల్పం చేశాడు. ఆ వరుస గుర్తుపెట్టుకోదగ్గది.

ఈసారి ముహర్రంకు మీ ఊరెళితే, పీర్లు చావిడిలో ఉన్నప్పుడే పెద్దల అనుమతి అడిగి ఒక్కో పీరునూ ఫొటో తీయండి. ఎత్తు, లోహం, అక్షరాలు రాసుకోండి. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎవరు చేయించారు అని ముజావర్‌ను, ఊరి కంసాలిని అడగండి. ఆ పేర్లు చెప్పగలిగిన పెద్దలు ఇంకా కొందరున్నారు.